ఏడుగురి గాలి

మా బజారులో నా పేరు చెబితే జనం ముందు నవ్వుతారు, తర్వాత కూర్చోమంటారు. వరంగల్ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం నాది. గిన్నె కొనడానికి వచ్చినవాళ్ళకు గిన్నెతోపాటు ఒక అబద్ధం కూడా చుట్టి ఇవ్వడం నాకు మొదటి నుంచీ ఉన్న జబ్బు. ఎవరికీ హాని చేసేవి కావు. మేడారం అడవిలో పులి వచ్చి మా కారు టైరు వాసన చూసి, రబ్బరు ఘాటుకు తుమ్మి వెళ్ళిపోయిందనే లాంటివి. అందుకని ఇందులో ఏదైనా మీకు నమ్మబుద్ధి కాకపోతే బలవంతం లేదు, వదిలేయండి. బియ్యం బస్తాల సంగతి మాత్రం నిజం. అది కూడా అబద్ధమైతే బాగుండేది.

పోయిన నెల మా వీధి చివర మోరీ కోసం తవ్వి వదిలేసిన చోట ఒక ఇనుప చువ్వ పైకి తేలి ఉంది. కారు ముందు ఎడమ టైరు దాని మీదికి ఎక్కింది. టైరు పక్కగోడ జానెడు చీలింది. నడుమ గుచ్చుకుంటే పంక్చరు వేస్తారు గాని, పక్కగోడ చీలితే టైరు మార్చాల్సిందే. స్టెప్నీ బిగించుకుని, దాదాపు రెండేళ్ళ తర్వాత, హన్మకొండలో టైర్లు వేసే ఆయన కొట్టు ఉన్న సందులోకి కారు తిప్పాను. షట్టరు దించి ఉంది. దాని మీద సుద్దముక్కతో వేసిన అంకెలు వానకు సగం చెరిగి ఉన్నాయి. ఎదురుగా టీ బండి ఆమె నన్ను చూసి గ్లాసు కడగడం ఆపింది.

ఆయన పోయి నాలుగు నెలలైందని ఆమె చెబితే తెలిసింది.

ఆయన పేరు నాకు తెలియదు. పదేళ్ళకు పైబడిన పరిచయంలో పేరు అడగాల్సిన అవసరం పడలేదు. ఆ సందులో అందరూ కాకా అనేవాళ్ళు, నేనూ కాకా అన్నాను. ఆయన నన్ను సేటూ అనేవాడు. దుకాణం ఉన్న ప్రతివాడూ ఆయనకు సేటే, పొలం ఉన్న ప్రతివాడూ పటేలే. ఏమీ లేనివాణ్ణి తమ్మీ అని పిలిచి, ముందు అతని బండికే గాలి కొట్టేవాడు.

సన్నటి మనిషి. మోకాళ్ళదాకా మడిచిన ఖాకీ ప్యాంటు, ఒకప్పుడు తెల్లగా ఉండేదేమో అని ఊహించుకోవలసిన బనీను. కుడి చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క. ఆలోచన వచ్చినప్పుడల్లా దాంతోనే తల గోక్కునేవాడు. అందుకని ఆయన జుట్టులో నెరిసింది ఎంతో, సుద్ద ఎంతో చెప్పడం కష్టం. రెండు లారీ టైర్లు ఒకదాని మీద ఒకటి వేసి, పైన గోనెపట్టా పరిచి, దాని మీద కూర్చునేవాడు. పక్కన ఆయన సైకిలు. ఊళ్ళో అందరి టైర్లకూ తీర్పు చెప్పే మనిషి సైకిలు టైర్లు కోడిగుడ్డులా నున్నగా ఉండేవి. ఇదేంది కాకా అని వెక్కిరిస్తే, దాని మీద నేనొక్కన్నే గదా, నా సంగతి దానికెరుకే అనేవాడు.

గాలి కొట్టించుకోవడానికి వెళ్తే ఆయన వెంటనే పైపు అందుకునేవాడు కాదు. ఎంతమంది అని అడిగేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళకు అర్థమయ్యేది కాదు. మామూలుగా కొట్టు కాకా అనేవాళ్ళు. అప్పుడు పైపు చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడి, ఎదుటివాడి ముఖంలోకి చూస్తూ అడిగేవాడు.

“మామూలు అంటె ఎంతమంది?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేదాకా టైరు దగ్గరికి పోయేవాడు కాదు. కారు డ్రైవరు వైపు తలుపు తెరిస్తే అక్కడ అంటించిన కాగితం మీద రెండు అంకెలుంటాయి. బండి ఖాళీగా తిరిగితే ఇంత గాలి, నిండుగా తిరిగితే ఇంత. మా కారుకు ముప్పై రెండు, ముప్పై ఎనిమిది. కంపెనీవాళ్ళు ఆ రెండూ రాసి ఊరుకున్నారు. నడుమ ఉన్న ఆరు పౌండ్లు ఆయన సొంతం. ఒక్కడే తిరిగితే ముప్పై రెండు, అక్కడి నుంచి మనిషికో పౌండు, ఏడుగురికి ముప్పై ఎనిమిది. కొట్టడం అయ్యాక చెవి మీది సుద్ద తీసి టైరు పక్కన మనుషుల అంకె వేసేవాడు. హన్మకొండలో ఎక్కడైనా ఆగి ఉన్న కారు టైరు మీద సుద్దతో నాలుగు అనో అయిదు అనో కనిపిస్తే అది కాకా చెయ్యి పడ్డ బండే. ఒక కొత్త జంట కారుకు మొదట రెండు అని వేసి, ఆరు నెలలు తిరిగేసరికి అడగకుండానే దాన్ని రెండున్నర చేశాడని మా దుకాణంలో చెప్పాను. అది నేను కల్పించింది. కాని ఆయన చేయగలడు.

నేను మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళింది మేడారం జాతర నుంచి వచ్చిన మర్నాడు. అప్పుడు మా ఇంట్లో ఏడుగురం. నేను, మా ఆవిడ, మా అమ్మ, ఇద్దరు ఆడపిల్లలు, తమ్ముడు, తమ్ముడి భార్య. ఏడు సీట్ల పెద్ద కారు కొన్నది అందుకే. ఇంట్లో అందరి నిలువెత్తు బంగారం ఇస్తానని మా అమ్మ మొక్కుకుంది. మేడారంలో బంగారమంటే బెల్లం. మనిషిని త్రాసులో కూర్చోబెట్టి, అంత బరువు బెల్లం తూచి అమ్మవార్లకు సమర్పిస్తారు. అక్కడ దొరికే బెల్లం ఎలా ఉంటుందోనని మా అమ్మ ఇక్కడి బజారులోనే ఏడుగురినీ తూయించింది. ఆ బెల్లమంతా కారు వెనకా, పైనా, మా కాళ్ళ కిందా సర్దించింది. ఆ తర్వాత మేము ఏడుగురం ఎక్కాం. ములుగు దాటేసరికి ఎడ్లబండ్లు మాకు హారన్ కొట్టి దాటిపోయాయి.

తిరిగొచ్చాక చూస్తే వెనక రెండు టైర్లకూ పక్కన జామకాయంత బుడిపెలు లేచి ఉన్నాయి.

నేను కాకాకు నా పద్ధతిలో కథ మొదలుపెట్టాను. జంపన్న వాగులో నీళ్ళు అద్దాలదాకా వచ్చాయని, కారు తేలిపోయిందని, స్టీరింగును తెడ్డులా తిప్పి ఒడ్డుకు చేర్చానని, అక్కడి రాళ్ళకు తగిలి టైర్లు ఇలా వాచాయని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని టైరు చుట్టూ అరచెయ్యి తిప్పుతూ వింటున్నాడు. తర్వాత వంగి చక్రం పైనున్న రేకు లోపలికి చూశాడు. గోటితో ఏదో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు నేనూ చూశాను. చీమలు. నేల నుంచి టైరు మీదుగా కారు లోపలికి బారుగా ఎక్కుతున్నాయి.

“బంగారం ఎందరిది, సేటూ?”

ఏడుగురిది అన్నాను.

“మనుషులు గూడ గిదే కార్ల కూసున్నరా?”

కూర్చున్నామని ఒప్పుకున్నాను.

“అంటె పద్నాలుగు మంది,” అన్నాడు. తల మీద సుద్దముక్క ఆగిపోయింది. ఆయన పైకి నవ్వగా నేను చూసింది అప్పుడొక్కసారే. శబ్దం ఎక్కువ లేదు, భుజాలు మాత్రం చాలాసేపు ఊగాయి. “అందరికి మొక్కులు దీర్చినవ్. ఈ బండికి మొక్కినవా?”

టైర్లు నాలుగూ మార్చాల్సి వచ్చింది. నా కళ్ళు గోడ మీది బొమ్మలో ఉన్న టైర్ల మీద ఉన్నాయి. పిడికిలంత ముద్దలతో, కొండలెక్కే రకం. అవి వేస్తే బజారులో నా మాటలకు కొంచెం బలం వస్తుందని ఆశ. ఎటెటు తిరుగుతవ్ అని అడిగాడు. నేను హిమాలయాల దగ్గర మొదలుపెట్టాను. ఆయన ఒక్కొక్క ప్రశ్నతో నన్ను దక్షిణానికి దించుకుంటూ వచ్చాడు. చివరికి తేలింది ఇది: రోజూ దుకాణం, నెలకోసారి పాలకుర్తి గుట్ట, అప్పుడప్పుడు మరిపెడలో అత్తగారిల్లు, రెండేళ్ళకోసారి మేడారం. గుట్టలెక్కే టైరుకు గుట్టలు కావాలని, తారు రోడ్డు మీద దాని పానం ఊరికే పోతుందని చెప్పి, బొమ్మ వైపు నన్ను మళ్ళీ చూడనివ్వలేదు.

లోపలి నుంచి రెండు రకాలు దొర్లించుకొచ్చాడు. ముందు టైరు పక్కన కోలగా ఉన్న చిన్న గడిలో నాలుగు అంకెలు చూపించాడు. మొదటి రెండూ అది తయారైన వారం, చివరి రెండూ ఏడాది. అమ్మేవాడు చెప్పిన మాట కాదు, ఈ నాలుగు అంకెలు చూసి కొనాలన్నాడు. వాటిలో ఒక టైరు ఏడాది కిందటిదని, వాసన చూసి వెనక్కి పంపి, అదే రకంలో కొత్తది తెప్పించాడు. ఇక రెండు రకాల సంగతి. ఒకటి మెత్తనిది, రోడ్డు మీద పోతుంటే పోతున్నట్టే ఉండదు. ఇంకోటి గట్టి గోడలది, బరువు మోస్తుంది కాని కాస్త హోరు పెడుతుంది. నేను మెత్తనిదాని మీద చెయ్యి వేశాను. ఆయన నా చెయ్యి తీసేశాడు.

“ఏడుగురు ముచ్చట వెట్టుకుంట పోతాంటె టైరు సప్పుడు ఎవనికి ఇనబడ్తది, సేటూ?”

నిజమే. ఆ కారులో మా అమ్మా, మా ఆవిడా, మరదలూ ఒకేసారి మాట్లాడేవాళ్ళు. పిల్లలు వెనక సీట్లో కొట్టుకునేవాళ్ళు. ఎప్పుడూ హోరు వినబడలేదు.

అక్కడి నుంచి మా ఇద్దరికీ ఒక ఆట కుదిరింది. నెలకోసారి గాలికి వెళ్ళి ఒక ప్రయాణం చెప్పేవాణ్ణి. ఆయన టైరు నిమిరి దాన్ని కొట్టిపారేసేవాడు. తేనెటీగలు వెంటపడితే నూట ఇరవై మీద పోయానంటే, ముందు టైర్ల అంచులు చూసి, బ్రేకు మీది కాలు తియ్యకుండ పోయినవ్ అనేవాడు. మరిపెడ దగ్గర రోడ్డు మీద ఎండబోసిన మిర్చి మీంచి పోతే నాలుగు టైర్లూ వరసగా తుమ్మాయని చెప్పాను. గాడిలో వేలు పెట్టి ఒక గింజ బయటికి లాగాడు. మిర్చి గాదు, వడ్లు, అన్నాడు. ఆ రైతు నన్ను ఏం తిట్టాడో కూడా టైరు చెబుతుందేమోనని భయపడ్డాను. ఒక్క అబద్ధమైనా ఆయన చేత నిజమనిపించాలని పంతం పట్టాను. కుదరలేదు.

వినడం మాత్రం మానేవాడు కాదు. మేడారం గురించి ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ చెప్పమనేవాడు. జాతర అప్పుడే బండ్ల రద్దీ ఉంటుంది కనుక ఆయన ఎన్నడూ మేడారం పోలేదట. వేల టైర్లను పంపినవాడు, తను మాత్రం ములుగు రోడ్డు ఎక్కలేదు. ఒకసారి, ఈసారి మాతో రా కాకా అన్నాను. ఆయన కారు లోపలికి తొంగిచూసి సీట్లు లెక్కపెట్టాడు.

“ఏడు సీట్లు, ఏడుగురున్నరు. ఎప్పుడన్న ఓ సీటు ఖాళీ అయితె చెప్పు. వస్త.”

తర్వాత మా అమ్మ పోయింది. కర్మకాండలన్నీ అయ్యాక గాలికి వెళ్ళాను. ఎంతమంది అన్నాడు. ఆరుగురం అన్నాను. ఎవరు తగ్గారని ఆయన అడగలేదు. టైర్లో ముప్పై ఎనిమిది ఉంది. వాల్వు మూత తీసి గోటితో నొక్కాడు. సుయ్‌మని ఒక పౌండు గాలి బయటికి వచ్చింది. పదకొండు రోజులు ఇంట్లో అందరికీ ధైర్యం చెప్పినవాణ్ణి నేను. ఆ సందులో ఆ చిన్న చప్పుడుకు నిలబడలేకపోయాను. రెండో టైరు దగ్గర ఆయన వంగుతుంటే చెయ్యి పట్టుకున్నాను.

“ఆగు కాకా. మా మేనత్త వచ్చింది. ఇగ మాతోనే ఉంటది. ఏడే.”

మాకు మేనత్త లేదు. ఆయన నా ముఖం చూడలేదు. లేచి పైపు తెచ్చి, తీసిన పౌండు మళ్ళీ కలిపి, నాలుగు టైర్ల మీదా ఏడు వేశాడు. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా, మేనత్త మంచిగున్నదా, మోకాళ్ళ నొప్పులు తగ్గినయా అని అడిగేవాడు. మోకాళ్ళ నొప్పులు నేను చెప్పలేదు, ఆయనే పెట్టాడు.

తమ్ముడు సూర్యాపేటలో ఎరువుల దుకాణం పెట్టుకుని భార్యతో అక్కడికి మారాడు. పిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి, ఒకతె ఖమ్మం, ఒకతె నిజామాబాద్. అందరూ వస్తూనే ఉంటారు, మంచివాళ్ళే. వాళ్ళ వాళ్ళ కార్లలో వస్తారు. ఆఖరుకు మా ఆవిడ. వారం రోజులు దవాఖానాలో ఉంది. ఆమె చీరలున్న సంచీ పక్క సీట్లో పెట్టుకుని ఇంటికొచ్చాను.

అయినా కాకా ఎంతమంది అంటే ఏడు అనే చెప్పాను. నాలుగు టైర్ల దగ్గర ఆ చప్పుడు వినే ఓపిక నాకు లేదు. ఏడుగురి గాలితో ఒక్కణ్ణి తిరుగుతుంటే స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా కారు ఎగిరెగిరి పడేది. కింద టైర్ల హోరు. ఇన్నాళ్ళూ అది ఎక్కడ దాక్కుందో తెలియదు, దుకాణం నుంచి ఇంటిదాకా నాతోపాటు వచ్చేది.

ఇలా ఉండగా టైర్లు మార్చే సమయం వచ్చింది. గాలి కొట్టేటప్పుడంటే పైపైన చూస్తాడు. మార్చేటప్పుడు చక్రాలు ఊడదీసి, ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టుకుని చూస్తాడు. నేను ఒక్కణ్ణే తిరుగుతున్నానని ఆ చేతులకు తెలిసిపోతుంది. తెలిస్తే ఏమవుతుందని మీరు అడగవచ్చు. ఏమీ కాదు. కాని ప్రపంచంలో ఒక మనిషి దగ్గర, ఒక్క చోట, మా ఇంట్లో ఇంకా ఏడుగురం ఉన్నాం.

అందుకని బియ్యం కొన్నాను. ఇరవై అయిదు కిలోల బస్తాలు పన్నెండు. బియ్యం దుకాణంలో హమాలీ ఇంట్ల పెండ్లా సేటూ అని అడిగితే, అన్నదానం అన్నాను. అతను బస్తా దించి నాకు దణ్ణం పెట్టాడు. మనిషికి రెండు బస్తాలు చొప్పున సీట్లలో కూర్చోబెట్టాను. అమ్మ సీట్లో, అంటే మేనత్త సీట్లో రెండు. తమ్ముడికి, మరదలికి, పిల్లలకు. ముందు పక్క సీట్లో రెండు పెట్టగానే కారు టింగు టింగుమని మొదలుపెట్టింది. అక్కడ బరువు కూర్చుంటే బెల్టు పెట్టుకునేదాకా అది ఊరుకోదు. మా ఆవిడ కూడా అంతే, ఎన్నిసార్లు చెప్పినా ఊరు దాటేదాకా బెల్టు పెట్టుకునేది కాదు. వంగి, బెల్టు లాగి, బస్తాల మీదుగా పెట్టాను. చప్పుడు ఆగింది. పాలకుర్తి దాకా వెళ్ళాం. గుట్ట ఎక్కలేదు, కింద కారులో నుంచే దణ్ణం పెట్టుకుని వచ్చేశాం.

పదిహేను రోజులు అలా తిరిగాను. ఒక బస్తా కుట్టు విప్పుకుని గింజలు సీటు కింద పడ్డాయి. కాకా దగ్గరికి పోయేరోజు పొద్దున బస్తాలు దించేశాను. వాటిని తర్వాత గుడి దగ్గర అన్నదానానికే ఇచ్చాను. ఒక్కణ్ణి పన్నెండు బస్తాలు ఎప్పటికి తింటాను?

ఆ రోజు ఆయన నాలుగు చక్రాలూ ఊడదీసి గోడకు వరసగా నిలబెట్టాడు. టైర్లు విచిత్రంగా అరిగి ఉన్నాయి. రెండు పక్కలా గాడులు అలాగే ఉన్నాయి, నడుమ మాత్రం బట్టతలలా నున్నటి దారి. ఆయన కళ్ళు మూసుకుని ఆ నున్నటి దారి వెంట చాలాసేపు అరచెయ్యి తిప్పాడు. నేను ఊరుకోకుండా పాలకుర్తి ప్రయాణం అందుకున్నాను. అందరం పోయామన్నాను.

“మేనత్త గూడ?”

“అందరికన్న ముందుగాల ఎక్కి కూసున్నది ఆమెనే.”

ఆయన కళ్ళు తెరిచాడు. టైరు మీద నుంచి చెయ్యి తీయలేదు.

“టైరు గూడ గదే చెప్తాంది, సేటూ. ఏడుగురు కూసున్నరు. నిజమే చెప్పినవ్.”

ఇన్నేళ్ళలో నా మాట నిజమని ఆయన అన్నది అదొక్కసారే. గెలిచాననుకున్నాను. బస్తాల ఖర్చు వృథా పోలేదని లోలోపల పొంగిపోయాను.

కొత్త టైర్లు తెచ్చాడు. నాలుగు అంకెలు చూశాడు, వాసన చూశాడు. నేను పాత రకమే అనుకుంటున్నాను. తెచ్చింది మెత్తనిది. ఇది బరువు మోస్తుందా అన్నాను. మోస్తది అన్నాడు. నేను ఇంకా చూస్తూ ఉంటే, జర ఆగి, ఇది సప్పుడు చెయ్యది, అన్నాడు. గాలి కొట్టాడు. చెవి మీది సుద్ద తీసి నాలుగింటి మీదా ఏడు వేశాడు. ఈసారి అంకెను రెండుసార్లు దిద్దాడు.

బయల్దేరి నక్కలగుట్ట దాటాను. ఏదో తేడాగా ఉంది. కారు కింద హోరు లేదు. స్పీడ్ బ్రేకర్ వచ్చింది, కారు ఎగరలేదు, మెత్తగా ఎక్కి మెత్తగా దిగింది. ఇంకోటి వచ్చింది, అదీ అంతే. దారిలో పెట్రోలు బంకులో గాలి చూడమన్నాను. అక్కడి మనిషి నాలుగు టైర్లూ చూసి లేచాడు.

“ముప్పై రెండున్నది, సార్. కలపాల్నా?”

వద్దన్నాను. టైరు మీద ఏడు ఉంది, టైర్లో ఒకటి ఉంది. టైరు నడుమ మాత్రమే ఎందుకు అరుగుతుందని అక్కడే అతన్ని అడిగితే చెప్పాడు: గాలి ఎక్కువై బరువు తక్కువైతే టైరు నడుమ అరుగుతుందట. ఏళ్ళ తరబడి ఏడుగురి గాలి మీద ఒక్కణ్ణి తిరిగిన అరుగుదలను పదిహేను రోజుల బియ్యంతో కప్పెట్టాలనుకున్నాను నేను.

మర్నాడే వెళ్ళి ఆయన పక్కన గోనెపట్టా మీద కూర్చోవలసింది. వెళ్ళలేదు. అబద్ధం పట్టుబడితే నాకు సిగ్గు వేయదు, అలవాటే. పట్టుకున్న మనిషి పట్టుకోనట్టు ఊరుకుంటే ఎదురుగా ఎలా నిలబడాలో నాకు తెలియలేదు. వచ్చే నెల పోదాం అనుకున్నాను. గాలి బంకులో కొట్టించుకున్నాను. ముప్పై రెండు అని నేనే చెప్పేవాణ్ణి. అలా దాదాపు రెండేళ్ళు.

టీ బండి ఆమె నాకు టీ ఇచ్చి, కాసేపు కారు వైపూ నా వైపూ చూసింది.

“బియ్యం సేటువు నువ్వే గదా?”

నాది స్టీలు సామాన్ల దుకాణమని చెప్పాను. అయినా నువ్వే అంది. ఆ రోజు నా కారు వెళ్ళిపోయాక తలుపులోంచి నేల మీద రాలిన బియ్యపు గింజలను కాకా ఒక్కొక్కటి ఏరి, షట్టరు ముందు పిట్టలకు వేశాడట. కార్లో ఈ బియ్యమేంది కాకా అని ఆమె అడిగిందట.

“ఇంట్ల ఏడుగురు, గన్ని బియ్యం పడ్తయి మరి అన్నడు. సేటు మేనత్త గూడ ఉన్నదంట గదా, ఆమె మస్తు తింటదంట.”

నేను గ్లాసు కింద పెట్టాను. ఆ సందులో నా కంటే పెద్ద అబద్ధాలకోరు ఒకడున్నాడని నాకెవరూ చెప్పలేదు.

ఇంకా ఏమన్నా అన్నాడా అని అడిగాను. ఈ మధ్య సేటు వస్తలేడు అని రెండు మూడుసార్లు అన్నాడట. జాతర దగ్గరపడినప్పుడు కూడా అడిగాడట. ఆయనవాళ్ళు ఎవరు, ఎక్కడుంటారని అడిగాను. ఆమె షట్టరు వైపు చెయ్యి చూపించింది.

“ఎవ్వరున్నరు? గీ కొట్టు వెనుక అర్రల ఒక్కడే ఉండెటోడు. ఎప్పటిసంది అట్లనే.”

ఎంతమంది అని ఆయన నన్ను ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు. ఒక్కసారైనా ఆ మాట నేను ఆయన్ను అడగలేదు. ఓ సీటు ఖాళీ అయితే చెప్పు, వస్తానన్నాడు. ఆరు సీట్లు ఖాళీ అయ్యాయి. నేను ఏడు ఏడు అంటూ పోయాను. ఆయన, నా మాట పోకూడదని, ఏడు అని రాస్తూ పోయాడు.

టైరు ఇంకోచోట మార్చుకోవాల్సి వచ్చింది. అద్దాల తలుపుల పెద్ద షాపు, లోపల చల్లగా ఉంది. నల్ల టీషర్టు వేసుకున్న అతను తెర మీద టైర్లను వేలితో నెడుతూ చూపించాడు. నేను మెత్తటి రకం కావాలన్నాను, ముందు రెండూ కలిపి మారుద్దామన్నాను. టైరు తెస్తే వంగి నాలుగు అంకెలు చూశాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే అతను పక్కవాడి వైపు చూసి నవ్వాడు. ఫ్యామిలీ కారా సార్ అని అడిగాడు. నోటిదాకా ఒక మంచి కథ వచ్చింది. పులి కూడా ఉంది అందులో. చెబితే ఇతను నమ్మేస్తాడు, అవునా సార్ అంటాడు. చెప్పబుద్ధి కాలేదు.

బిగించడం అయింది. అతను గాలి మిషను బటన్ మీద వేలు పెట్టాడు.

“మామూలుగా కొడుత, సార్.”

“మామూలు అంటే ఎంతమంది?” అన్నాను.

అతనికి అర్థం కాలేదు. మిషను తనంతట తానే ముప్పై అయిదు దాకా కొట్టి ఆగింది. ఎక్కువైంది, తియ్యమన్నాను. ఎంత ఉంచాలి అన్నాడు.

“ఒక్కణ్ణే. ముప్పై రెండు.”

అతను వాల్వు నొక్కాడు. సుయ్‌మని గాలి బయటికి వచ్చింది. ఈసారి చెయ్యి పట్టుకోలేదు. చివరిదాకా నిలబడి విన్నాను. నాలుగు టైర్లూ సరిచేసి అతను పైపు చుట్టబోతుంటే, ఇంకో పౌండు కలపమన్నాను. మేడారం పోవాలి అన్నాను.

అతను విసుక్కోకుండా నాలుగింట్లోనూ ముప్పై మూడు చేశాడు. రెండో మనిషి ఎవరని అడగలేదు. టైరు మీద ఏమీ రాయలేదు.